పూత బుల్లెట్లు, బ్యారెల్ ట్రీట్‌మెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రేంజ్‌లో డబ్బా తెరిచి పొడి పూత వేసిన నల్లటి బుల్లెట్లు బయటికి తీస్తే చాలు, పక్క బెంచ్‌ల వాళ్లు వచ్చి నిలబడతారు. అడిగేవి ఎప్పుడూ అవే. గ్రూప్ చిన్నదవుతుందా? బ్యారెల్ ఎక్కువ కాలం వస్తుందా? ఇక తుడవక్కర్లేదా? ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ చివరికి ఇలా ఒకచోట పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు. ఈ పేజీలో బుల్లెట్ అంటే కేస్ (ఇత్తడి గొట్టం) మూతికి బిగించే లోహపు ముక్క, మొత్తం రౌండ్ (తూటా) కాదు. మందు అంటే కేస్‌లో పోసే పేలుడు పొడి, లోడ్ అంటే ఒక రౌండ్‌కు కుదిర్చిన మందు, బుల్లెట్ల కొలత. గ్రూప్ అంటే ఒకే గురికి కాల్చిన షాట్లు టార్గెట్ మీద పడ్డ గుంపు, ఎంత చిన్నదైతే అంత నిక్కచ్చి. సొంతంగా రౌండ్లు లోడ్ చేసుకోవడానికి కొన్నిచోట్ల లైసెన్స్ కావాలి, కొన్నిచోట్ల అసలు కుదరదు. ముందు ఆ సంగతి తేల్చుకోండి.

## కొనే ముందు

బుల్లెట్ మీద అసలు ఏం పూస్తారు?

వాడుకలో ఉన్నవి మూడు పొడులు. మాలిబ్డినం డైసల్ఫైడ్, అంటే అందరూ మోలీ అనేది, నలుపు కలిసిన బూడిద రంగులో ఉంటుంది. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ దానికి దగ్గరి చుట్టం. హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ తెల్లగా ఉంటుంది, దాన్ని హెచ్‌బీఎన్ అంటారు. మూడూ పేకముక్కల దొంతర లాంటివే. లోపల పలచని పొరలుంటాయి, ఒకదాని మీద ఒకటి సులువుగా జారతాయి. నూనె, గ్రీజు లాంటి తడి లేకుండా పొడిగానే జారుడునిస్తాయి కాబట్టి వీటిని డ్రై లూబ్రికెంట్లు అంటారు.

పూత వేస్తే గ్రూప్ చిన్నదవుతుందా?

నేరుగా కాదు. పూత చేసే పని వేరు. మామూలు బుల్లెట్ తొడుగు దాదాపు 95 శాతం రాగి, 5 శాతం జింక్ కలిసిన లోహం. అది రైఫ్లింగ్ గాడుల (బుల్లెట్‌ను తిప్పడానికి బ్యారెల్ లోపల చెక్కిన మెలి గాడుల) మీద ఒరుసుకుంటూ వెళ్లినప్పుడల్లా కొంత రాగిని అక్కడ వదిలేస్తుంది. ఆ రాగి పేరుకున్నకొద్దీ కొన్ని బ్యారెళ్లలో గ్రూప్ చెదురుతుంది. పూత ఉంటే పేరుకోవడం నెమ్మదిస్తుంది, కాబట్టి తుడవకుండా ఎక్కువ రౌండ్లు ఒకే తీరున కాల్చుకోవచ్చు. పదో షాట్‌కు ఉన్న గ్రూప్‌ను డెబ్బయ్యో షాట్ దాకా నిలబెట్టడమే దాని గొప్పతనం. పదో షాట్‌కే గ్రూప్ బాగోలేకపోతే లోపం బెడ్డింగ్‌లోనో (రైఫిల్ లోహ భాగం దిమ్మెలో కూర్చున్న తీరు), లోడ్‌లోనో, ట్రిగ్గర్ మీద వేలిలోనో ఉంటుంది. దాన్ని పొడి పూసి కప్పెట్టలేం.

బ్యారెల్ ఎక్కువ కాలం మన్నుతుందని అంటారు, నిజమేనా?

ఇందులో నాకు పెద్దగా నమ్మకం లేదు, కారణం చెబుతాను. సెంటర్‌ఫైర్ (కేస్ అడుగు మధ్యలో కొడితే పేలే రౌండ్లు వాడే) రైఫిల్ బ్యారెల్ బుల్లెట్ రాపిడికి అరిగి చావదు, మంటకు కాలి చస్తుంది. .308 విన్‌చెస్టర్ అనే రౌండ్‌కు అమెరికా ప్రమాణంలో గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఉక్కు కరిగేది 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మందు మండినప్పుడు పుట్టే వాయువుల వేడి అంతకన్నా చాలా ఎక్కువ. అది ఉండేది సెకనులో వెయ్యో వంతు పాటే కాబట్టి ఉక్కు కరగదు. కానీ ఛాంబర్ (రౌండ్ కూర్చునే గది) దాటిన వెంటనే ఉండే థ్రోట్ భాగం ప్రతి షాట్‌కూ ఎర్రగా వేడెక్కి చల్లారుతూ, ఎండిన చెరువు మట్టిలా పర్రెలు విచ్చుతుంది. బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపలికి చూసే సన్నని పరికరం) పెట్టి చూస్తే అచ్చం అలాగే కనిపిస్తుంది. బుల్లెట్ మీద రెండు మైక్రాన్ల పొడి ఆ మంటను ఆపలేదు.

అందుకే ఎంత మందు ఎంత సన్నని రంధ్రంలోంచి వెళ్తోందన్నదే ఆయుష్షును తేలుస్తుంది. పోటీ స్థాయి నిక్కచ్చితనం .308లో నాలుగైదు వేల రౌండ్లు నిలవొచ్చు, రంధ్రం సన్నగా, మందు ఎక్కువగా ఉండే 6.5-284 రౌండ్‌లో వెయ్యి, పదిహేను వందలకే జారిపోతుంది. బ్యారెల్ ఎక్కువ కాలం రావాలంటే షాట్‌కూ షాట్‌కూ మధ్య చల్లారనివ్వండి. పైసా ఖర్చు లేని ట్రీట్‌మెంట్ అదొక్కటే.

మోలీ తీసుకోవాలా, హెచ్‌బీఎన్ తీసుకోవాలా?

ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను హెచ్‌బీఎన్ అనే చెబుతాను. మోలీ గాలి తగిలే చోట 350 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆక్సీకరణ మొదలుపెడుతుంది, హెచ్‌బీఎన్ దాదాపు 900 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మోలీలో గంధకం ఉంది, హెచ్‌బీఎన్‌లో లేదు. పైగా మోలీ చేతికి అంటితే రెండు రోజులు వదలదు, చొక్కాకు అంటితే ఇక ఆ చొక్కా రేంజ్ చొక్కాయే. మోలీ 1990ల నుంచీ జనం వాడుతున్నది కాబట్టి దానితో కుదిరిన లోడ్లు చాలామంది దగ్గర ఉన్నాయి. మీ దగ్గరా అలాంటిది ఒకటి చక్కగా నడుస్తుంటే మార్చాల్సిన పని లేదు.

క్రోమ్‌మోలీ బ్యారెల్ అంటే మోలీ పూసిన బ్యారెలేనా?

కాదు, పేరు కలిసిందంతే. క్రోమ్‌మోలీ అనేది ఉక్కు రకం. ఉదాహరణకు 4140 ఉక్కులో సుమారు 1 శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం కరిగి ఉంటాయి. పూతకు వాడే మోలీ ఆ మాలిబ్డినం గంధకంతో కలిసిన పొడి. క్రోమ్‌మోలీ బ్యారెల్ ఉందని మోలీ బుల్లెట్లే వాడాలన్న నియమం ఏమీ లేదు.

టెఫ్లాన్ పూసిన బుల్లెట్ దేన్నైనా చీల్చుకుపోతుందట కదా?

ఇది 1980ల నాటి టీవీ పుకారు, ఇంకా చావలేదు. అమెరికాలో కేటీడబ్ల్యూ అనే బుల్లెట్ ఉండేది. దాని లోహం గట్టిది కావడంతో బ్యారెల్ గాడులు అరిగిపోకుండా టెఫ్లాన్ పూశారు. చొచ్చుకుపోయే గుణం ఆ గట్టి లోహానిది. టెఫ్లాన్ బ్యారెల్ కోసం.

.22 రైఫిల్‌కీ, ఎయిర్ రైఫిల్‌కీ వాడొచ్చా?

వద్దు. .22 రిమ్‌ఫైర్ (కేస్ అడుగు అంచు మీద కొడితే పేలే) సీసం బుల్లెట్ల మీద కంపెనీయే మైనమో గ్రీజో పూసి పంపుతుంది. తుడిచిన బ్యారెల్‌లో మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ పడి, ఆ మైనం లోపలంతా సమంగా పట్టాక గ్రూప్ కుదురుతుంది. మధ్యలో మీ పొడి చేరిస్తే ఆ పొందిక చెడుతుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌కు అసలు ఆ అవసరమే లేదు, అక్కడ మంటా లేదు, రాగీ లేదు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌లో అయితే పెట్రోలియం నూనె పడిందంటే కంప్రెషన్ వేడికి అదే అంటుకుని టప్‌మని పేలుతుంది, సీళ్లు పాడవుతాయి.

## పూత వేసేటప్పుడు

ఇంట్లో వేసుకోవచ్చా? ఎలా?

వేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. ముందు బుల్లెట్ల మీద జిడ్డు పోవాలి. తయారీలో అంటిన నూనె, మన వేళ్ల జిడ్డు ఉంటే పూత మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో బుల్లెట్లు, చిన్న స్టీల్ గుళ్లు, చిటికెడు పొడి వేసి, ఆ డబ్బాను వైబ్రేటరీ టంబ్లర్‌లో (వణుకుతూ తిప్పే యంత్రం) పెట్టి రెండు గంటలు తిప్పండి. స్టీల్ గుళ్లు కొట్టుకుంటూ పొడిని రాగిలోకి ఎక్కిస్తాయి. తర్వాత జల్లెడ పట్టి, మెత్తని గుడ్డలో వేసి దొర్లించి, పైపైన నిలిచిన పొడి దులిపేయండి. ఈ పొడులు గాలిలో తేలతాయి కాబట్టి మాస్క్ పెట్టుకుని, గాలి ఆడే చోట చేయండి. మోలీకి ఒక డబ్బా, హెచ్‌బీఎన్‌కు ఒక డబ్బా వేరుగా పెట్టుకోవాలి.

బుల్లెట్ల మీద తెల్లగా కనిపించడం లేదు, పొడి ఇంకా వెయ్యాలా?

వెయ్యకండి. నేను మొదటిసారి ఇదే తప్పు చేశాను. హెచ్‌బీఎన్ తెల్లన కదా, బుల్లెట్లు కూడా తెల్లబడాలనుకుని వేస్తూ పోయాను. బయటికి తీస్తే సున్నం కొట్టినట్టున్నాయి. ఆ రోజు టార్గెట్ మీద షాట్లు నిలువుగా సాగిపోయాయి, ఛాంబర్ మెడ దగ్గర తెల్లటి ముద్ద చేరింది. సరిగా పడిన హెచ్‌బీఎన్ పూత కంటికి దాదాపు ఆనదు. రాగి మెరుపు కాస్త మందగిస్తుంది, వేళ్ల మధ్య పట్టుకుంటే జారిపోతుంది. మోలీ అయితే ఒకే రకం బూడిద రంగు రావాలి, రుద్దితే వేలికి కొద్దిగానే అంటాలి.

గాలిలో పూత ఊడి బుల్లెట్ బ్యాలెన్స్ తప్పదా?

లెక్క వేసి చూద్దాం. .30 క్యాలిబర్ పొడుగు బుల్లెట్ ఉపరితలం సుమారు 6.5 చదరపు సెంటీమీటర్లు. దాని మీద ఒక మైక్రాన్ మందాన మోలీ పడితే బరువు 3 మిల్లీగ్రాములు. 175 గ్రెయిన్ల బుల్లెట్ బరువు 11 గ్రాముల పైమాటే. 1:10 ట్విస్ట్‌లో (పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడుల్లో) సెకనుకు 2,600 అడుగుల వేగంతో బయటికొచ్చే బుల్లెట్ నిమిషానికి దాదాపు 1,87,000 చుట్లు తిరుగుతుంది కాబట్టి భయం సహజమే. కానీ తొడుగు మందంలో ఉండే హెచ్చుతగ్గుల ముందు ఈ 3 మిల్లీగ్రాములు లెక్కలోకి రావు. ముద్దలుగా అంటిన పొడి మాత్రం వేరే కథ, దాన్ని దులిపే తీరాలి.

రంగు రంగుల పౌడర్ కోట్ సీసం బుల్లెట్లు కూడా ఇవేనా?

కావు. అది పోత పోసిన సీసం బుల్లెట్ మీద ప్లాస్టిక్ లాంటి పెయింట్ పొడి చల్లి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి పట్టించే గట్టి తొడుగు. సీసం బ్యారెల్‌కు అంటకుండా అడ్డుపడటం దాని పని. పైగా దానికి మందం ఎక్కువ, బుల్లెట్ వ్యాసం కూడా పెరుగుతుంది కాబట్టి మళ్లీ సైజింగ్ డైలోంచి (వ్యాసం సరిచేసే అచ్చు) తీయాలి.

## లోడ్ కట్టేటప్పుడు

అంతే మందు పోశాను, వేగం ఎందుకు తగ్గింది?

పూత బుల్లెట్ గాడుల్లోకి సులువుగా దూరుతుంది. ఎదురు తక్కువ కాబట్టి మందు వెనక ఒత్తిడి అంతగా పేరుకోదు, ఒత్తిడి తగ్గితే వేగమూ తగ్గుతుంది. క్రోనోగ్రాఫ్‌లో (వేగం కొలిచే పరికరం) సెకనుకు కొన్ని పదుల అడుగుల తేడా కనిపించడం మామూలే. బుల్లెట్ జారుడుగా ఉంటే వేగం పెరగాలి కదా అని చాలామంది తికమకపడతారు. బుల్లెట్‌ను ముందుకు నెట్టేది ఒత్తిడి, ఆ ఒత్తిడి పుట్టాలంటే ఎదురు ఉండాలి. తగ్గిన వేగం కోసం మందు పెంచాలనుకుంటే పూత బుల్లెట్లకు అచ్చయిన డేటా ఉన్న మాన్యువల్ చూసుకుని, కింది నుంచి కొద్దికొద్దిగా ఎక్కండి. మాన్యువల్ గరిష్ఠం దాటకండి.

పూత బుల్లెట్లు అయిపోయాయి, అదే లోడ్‌లో మామూలువి పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుంచుకోండి. పూత బుల్లెట్‌కు సరిపడేలా మందు పెంచిన లోడ్‌లో పూత లేనిది పెడితే ఎదురు ఒక్కసారిగా పెరుగుతుంది, ఒత్తిడి హద్దు దాటుతుంది. బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) బిగుసుకోవడం, ప్రైమర్ (కేస్ అడుగున మందును అంటించే చిన్న గిన్నె) చదునైపోవడం లేదా ఊడిపోవడం దాని గుర్తులు. అవి కనబడ్డాక కాల్చడం ఆపేయండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'పూత బుల్లెట్ లోడ్' అని రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత డబ్బా తెరిచేది మీరే అయినా, ఏ లోడ్ దేనిదో అప్పటికి గుర్తుండదు.

నెక్ టెన్షన్ (కేస్ మెడ బుల్లెట్‌ను పట్టుకునే బిగువు) మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది, చాలావరకు మంచికే. బుల్లెట్ కేస్ మెడలోకి ఒకే బలంతో దిగుతుంది, సీటింగ్ ప్రెస్ హ్యాండిల్ దగ్గరే ఆ మెత్తదనం తెలుస్తుంది. ఏళ్ల తరబడి నిలవ ఉంచిన రౌండ్లలో రాగి, ఇత్తడి ఒకదానికొకటి అతుక్కుపోతుంటాయి, పూత దాన్ని కూడా ఆపుతుంది. కానీ జారుడు ఎక్కువైంది కాబట్టి మెడ పట్టు మరీ వదులుగా ఉంటే మ్యాగజైన్‌లో రీకాయిల్‌కు బుల్లెట్ వెనక్కి పోవచ్చు. లోడ్ చేసిన రౌండ్‌ను బెంచ్ అంచుకు ఆనించి బొటనవేలితో నొక్కి చూడండి.

## రేంజ్‌లో

తుడిచిన బ్యారెల్‌లో మొదటి షాట్లు ఎక్కడో పడుతున్నాయి, ఏం చెయ్యాలి?

బుల్లెట్ మీద పూత ఉంది కానీ బ్యారెల్ లోపల ఇంకా పట్టలేదు. అది సమంగా పట్టేదాకా వేగం కుదురుకోదు. హెచ్‌బీఎన్ వాడేవాళ్లు ఆల్కహాల్‌లో కొద్దిగా పొడి కలిపి, ప్యాచ్ (తుడిచే గుడ్డముక్క) తడిపి బోర్‌లో (బ్యారెల్ రంధ్రంలో) రెండు మూడు సార్లు తోసి ఆరనిస్తారు. దానితో కుదురుకునే షాట్లు తగ్గుతాయి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే కాల్చాలి, ఛాంబర్ పొడిగా తుడిచి ఉండాలి. ఛాంబర్‌లో తడీ, నూనే ఉంటే కేస్ గోడలను పట్టుకోలేక దెబ్బంతా బోల్ట్ మీద పడుతుంది.

ఒకే రోజు పూత ఉన్నవీ లేనివీ కలిపి కాల్చొచ్చా?

కాల్చొచ్చు గానీ ఆ రోజు టార్గెట్‌ను నమ్మొద్దు. ఒక పోటీ ముందు రోజు నేను ఇరవై మోలీవి కాల్చి, వెంటనే పూత లేనివి ఎత్తుకున్నాను. జీరో (స్కోప్ గురి, షాట్ పడే చోటు ఒకటయ్యేలా సరిచేసిన అమరిక) ఎక్కడికో పోయింది. స్కోప్ మౌంట్ స్క్రూలు విప్పి బిగించాను, స్కోప్‌ను తిట్టాను, ఆఖరికి స్నేహితుడి స్కోప్ అడిగి తెచ్చి పెట్టాను. స్కోప్‌లో ఏ లోపమూ లేదు. లోపల మోలీ మీద రాగి, రాగి మీద మసి పొరలు పొరలుగా పడుతుంటే బ్యారెల్ ప్రతి షాట్‌కూ కొత్త బ్యారెల్‌లా ప్రవర్తించింది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే బ్యారెల్ లోహం కనిపించేదాకా తుడిచి మారండి.

పూత పని చేస్తోందో లేదో తేల్చుకోవడం ఎలా?

మూడు షాట్ల గ్రూప్‌తో ఏదీ తేలదు. ఒకే లోడ్‌తో, ఒకే రైఫిల్‌తో వరుసగా మూడేసి షాట్లు కాల్చి చూడండి, ఒక గ్రూప్ ఇంకోదానికి రెట్టింపు రావడం అతి మామూలు. మంచి గ్రూప్ ఫొటో తీసి దాచుకుంటాం, చెడ్డది గాలి ఖాతాలో వేస్తాం. నిజంగా తేల్చుకోవాలంటే ఒకే లాట్ (ఒకే విడత తయారైన) బుల్లెట్లలో సగానికి పూత వేసి, వేగం సమానమయ్యేలా లోడ్లు సర్దుకుని, ఒక్కో రకం పది షాట్ల గ్రూపులు కనీసం మూడు కాల్చండి. మధ్యలో తుడవండి. ఆ తర్వాత తుడవకుండా సాగదీసి, ఎన్నో రౌండ్ దగ్గర గ్రూప్ విచ్చుకుంటోందో రాసుకోండి. పూత విలువ తెలిసేది ఆ రెండో పరీక్షలోనే.

## తుడిచేటప్పుడు

పూత వాడితే ఇక తుడవక్కర్లేదా?

రాగి తగ్గుతుంది, మసి తగ్గదు. మందు మండితే మసి తప్పదు, అది థ్రోట్ దగ్గర ఉంగరంలా గట్టిపడుతుంది. ఆ ఉంగరం బుల్లెట్‌ను నొక్కి ఒత్తిడి పెంచుతుంది. కాబట్టి తుడవడాల మధ్య ఎడం పెరుగుతుందే గానీ తుడవడం తప్పదు. నిలవ పెట్టే ముందైతే ఎన్ని షాట్లు కాల్చారన్న లెక్క లేకుండా తుడవాల్సిందే.

మోలీ వదలడం లేదు, ప్యాచ్ ఎప్పుడూ నల్లగానే వస్తోంది. ఏం చెయ్యాలి?

రాగిని కరిగించే అమ్మోనియా ద్రావకం మోలీని ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే మోలీ కరగదు. గాడుల మధ్య ఇరుక్కున్నదాన్ని సన్నని అబ్రేసివ్ (గరుకు పొడి కలిసిన) పేస్ట్‌తో రుద్ది తీయాలి. బోర్ గైడ్ (రాడ్‌ను తిన్నగా నడిపే గొట్టం) పెట్టి, ఛాంబర్ వైపు నుంచి, మజిల్ (బ్యారెల్ మూతి) దాటి బయటికి పోకుండా రాడ్ నడపండి. థ్రోట్ దగ్గర పొట్టి స్ట్రోకులు, మిగతా చోట నిదానంగా చాలు. పేస్ట్ కణాలు లోపల మిగలకుండా తడి ప్యాచ్‌లతో కడిగేయండి. ఇక ప్యాచ్ కాస్త బూడిద రంగులో వస్తే వదిలేయండి. తెల్లగా వచ్చేదాకా రుద్దేవాళ్ల చేతిలో పాడైన బ్యారెళ్లే ఎక్కువ.

అరగంట తుడిచినా ప్యాచ్ నీలంగానే వస్తోంది, అంత రాగి ఉందా?

నీలం అమ్మోనియాలో కరిగిన రాగి రంగే, కానీ ముందు మీ జాగ్‌ను (ప్యాచ్‌ను పట్టే రాడ్ కొన) చూడండి. అది ఇత్తడిదైతే అమ్మోనియా దాన్నే కరిగించి నీలం రంగు తెస్తుంది. కాంస్యపు బ్రష్ కూడా అంతే. ప్లాస్టిక్ జాగ్‌తోనో, నికెల్ పూసిన జాగ్‌తోనో మళ్లీ ఒక ప్యాచ్ తోసి చూడండి. అమ్మోనియా ద్రావకాన్ని డబ్బా మీద రాసిన సమయం కన్నా ఎక్కువసేపు లోపల ఉంచొద్దు.

మోలీ వల్ల బ్యారెల్ తుప్పు పడుతుందా?

పొడి వాతావరణంలో అంత భయం లేదు. తేమలో గంధకం ఉన్న మోలీ ఆమ్లంగా మారే వీలుంది, పైగా ఆ పొర కింద తేమ చిక్కుకుంటే నూనె అక్కడికి చేరదు. స్టెయిన్‌లెస్ బ్యారెల్‌కు కూడా పూర్తి రక్షణ ఉందనుకోవద్దు. వానాకాలంలో రైఫిల్ పక్కన పెట్టాల్సి వస్తే అదే సాయంత్రం తుడిచి, పలచగా నూనె రాసి పెట్టండి. మళ్లీ కాల్చే ముందు ఆ నూనె పొడి ప్యాచ్‌తో తీసేయాలి.

## బ్యారెల్‌కే ట్రీట్‌మెంట్ చేయించాలనుకుంటే

క్రోమ్ లైనింగ్ మంచిదేనా?

మోటు వాడకానికి చాలా మంచిది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ టైప్ 99 రైఫిల్‌కు బోర్‌లో క్రోమ్ ఉండేది. వియత్నాంలో తొలి ఎం16 రైఫిళ్లు మొరాయించడానికి ఉన్న కారణాల్లో ఛాంబర్‌కు క్రోమ్ లేకపోవడం ఒకటి, తర్వాత చేర్చారు. గట్టి క్రోమ్ మంటనూ తుప్పునూ తట్టుకుంటుంది. చిక్కేమిటంటే విద్యుత్‌తో పూసే ఆ పొర బ్యారెల్ పొడుగునా అచ్చంగా ఒకే మందంలో పడటం కష్టం. అందుకే టార్గెట్ బ్యారెళ్లు చేసేవాళ్లు సాధారణంగా దాని జోలికి పోరు.

నైట్రైడింగ్ క్రోమ్ లాంటిదేనా?

ఇది పైన వేసే పొర కాదు. ఉప్పు స్నానంలో 550 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిలో నైట్రజన్, కార్బన్ ఉక్కు పైభాగంలోకి ఇంకి దాన్నే గట్టిపరుస్తాయి. కొలతలు దాదాపు మారవు. మెలోనైట్, టెనిఫర్ అన్నవి ఇలాంటి పద్ధతుల వ్యాపార పేర్లే. చేయిస్తే కొత్త బ్యారెల్‌కే చేయించండి, ఛాంబర్ పనులన్నీ అయ్యాక, రాగి మరక లేకుండా తుడిచి పంపండి. ఇప్పటికే థ్రోట్ పర్రెలిచ్చిన పాత బ్యారెల్‌కు చేయించడం దండగ. తర్వాత రీమర్‌తో ఛాంబర్ మళ్లీ కోయించడం కష్టమవుతుంది, పైభాగం రీమర్ పళ్లను తినేస్తుంది. స్టెయిన్‌లెస్‌లో తుప్పును తట్టుకునే గుణం కొంత తగ్గవచ్చని కూడా గుర్తుంచుకోండి.

క్రయో ట్రీట్‌మెంట్‌తో గ్రూప్ బాగుపడుతుందా?

బ్యారెల్‌ను ద్రవ నైట్రజన్ చలిలో, అంటే సున్నాకు 185 డిగ్రీల కింద, నెమ్మదిగా చల్లబరిచి నెమ్మదిగా మామూలుకు తెస్తారు. ఉక్కులో ఒత్తిళ్లు పోతాయంటారు. ఒత్తిళ్లు తీసే అసలు పద్ధతి వేడి చేసి చల్లార్చడం, మంచి బ్యారెల్ తయారీదారులు అది ముందే చేస్తారు. క్రయో వల్ల నష్టం లేదు. నేనైతే ఆ డబ్బుతో బుల్లెట్లు కొంటాను.

ఫైర్ ల్యాపింగ్ చేయించనా?

అబ్రేసివ్ పూసిన బుల్లెట్లను వరుసగా కాల్చి బోర్ గరుకుదనం తీసే పద్ధతి ఇది. గరుకైన ఫ్యాక్టరీ బ్యారెల్, ప్రతి పది షాట్లకూ రాగి పేరుకునే రకం అయితే ఉపయోగం కనిపిస్తుంది. చేత్తో ల్యాప్ చేసి (లోపల నునుపు చేసి) వచ్చిన కస్టమ్ బ్యారెల్‌లో మాత్రం అస్సలు వద్దు. ప్రతి అబ్రేసివ్ షాట్ థ్రోట్‌ను కాస్త ముందుకు జరుపుతుంది, అది వెనక్కి రాదు.

లోపల పూసే సిరామిక్ ద్రవాల సంగతేంటి?

ఫలితమంతా శుభ్రం చేయడంలోనే ఉంటుంది. రాగి, మసి, నూనె ఏదీ మిగలని బ్యారెల్‌కే అవి పట్టుకుంటాయి. తుడిచిన బ్యారెల్ కనబడ్డ తీరు చూసి, ఇంత శుభ్రంగా ముందే ఉంచుకుంటే సరిపోయేదని అనుకున్నవాళ్లు నాకు తెలుసు. పూసినా, అబ్రేసివ్ పేస్ట్‌తో రుద్దితే పోతుంది.

ట్రీట్‌మెంట్ చేయించిన బ్యారెల్‌లో పూత బుల్లెట్లు కూడా వాడాలా?

రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి, ఏది ఏం చేసిందో తెలియదు. నైట్రైడింగ్ చేసిన నున్నటి బోర్‌లో రాగి ఎలాగూ తక్కువే పడుతుంది కాబట్టి ముందు మామూలు బుల్లెట్లతో రెండు వందల రౌండ్లు కాల్చి చూడండి. తుడిచేటప్పుడు మూడో ప్యాచ్‌కే నీలం మాయమైతే ఆ బ్యారెల్‌కు పూత అక్కర్లేదు.